గల్లాపెట్టె వెనక రిజర్వు బ్యాంకు

పది రూపాయల నాణెం మన దగ్గర నడవదు. ఈ మాట మొదట ఎవరన్నారో ఎవరికీ తెలియదు, అనేవాళ్లు మాత్రం అందరూను. కిరాణా కొట్టులో అంటారు, టిఫిన్ సెంటర్లో అంటారు, మందుల షాపులో అంటారు, సంతలో కొత్తిమీర కట్ట అమ్మే ఆమె కూడా అంటుంది. కాస్త గట్టిగా అడిగితే సమాధానం సిద్ధంగా ఉంటుంది: ‘‘నాకేం అభ్యంతరం లేదు సార్, అవతలివాళ్లే తీసుకోవట్లేదు.’’ చదువుకున్నవాళ్లు ఇదే మాటకు మెరుగు పెట్టి చెబుతారు. డబ్బంటే నమ్మకమేనట, జనం నమ్మనిది డబ్బే కాదట. సరుకు దేనికి అమ్మాలో తేల్చుకునే స్వేచ్ఛ వ్యాపారికి ఉందట. అయినా ఫోన్లో డబ్బులు కొట్టే కాలంలో ఈ చిల్లర గొడవేమిటని చివర్లో ఒక విసుగు. కొట్టువాడి అలవాటుకు ఇలా ఆర్థికశాస్త్రం, న్యాయశాస్త్రం రెండూ అండగా నిలబడ్డాయి. ఆ రెండు అండలూ ఉత్తవే.

ముందు సంగతేమిటో చూద్దాం. పది రూపాయల నాణెం చలామణీలోకి వచ్చింది 2009 మార్చిలో. చుట్టూ పసుపు వలయం, మధ్యలో తెల్లని బిళ్ల, 27 మిల్లీమీటర్ల వెడల్పు. రూపాయికి కొత్త గుర్తు వచ్చాక, 2011 జులై నుంచి ఆ గుర్తుతో వేరే నమూనా వచ్చింది. ఈ మధ్యలోనూ ఆ తర్వాతా స్మారక నాణేలు వచ్చాయి: హోమీ భాభా శతజయంతికి, రిజర్వు బ్యాంకు 75 ఏళ్లకు, పార్లమెంటు 60 ఏళ్లకు, గాంధీ దక్షిణాఫ్రికా నుంచి తిరిగొచ్చి వందేళ్లయినందుకు, అంబేడ్కర్ 125వ జయంతికి, చివరికి కొబ్బరిపీచు బోర్డు షష్టిపూర్తికి కూడా. ఇక పుకారు పుట్టింది. పది గీతలున్నదే అసలుదని, పదిహేను గీతలున్నది నకిలీదని ఒకరు. రూపాయి గుర్తు లేనిది చెల్లదని మరొకరు. రిజర్వు బ్యాంకు 2016 నవంబరు 20న ఒకసారి, 2018 జనవరి 17న మరోసారి ప్రకటన ఇచ్చింది. అప్పటికి వచ్చిన నమూనాలు మొత్తం 14, అన్నీ చెల్లుతాయి, గుర్తు ఉన్నా లేకున్నా చెల్లుతాయి అని చెప్పింది. ఇంతకన్నా స్పష్టంగా ఏ ప్రభుత్వ సంస్థా ఏ విషయమూ చెప్పి ఉండదు. అయినా మన కౌంటర్ల మీద వాట్సాప్‌లో వచ్చిన గీతల లెక్కకున్న పరువు ఆ ప్రకటనకు దక్కలేదు.

హైదరాబాదువాళ్లకైతే ఇందులో ఇంకో తమాషా ఉంది. దేశంలో నాణేలు ముద్రించే టంకశాలలు నాలుగే: ముంబయి, కోల్‌కతా, నోయిడా, హైదరాబాదు. సైఫాబాదులో 1903 నుంచి నడిచిన టంకశాల పని 1997లో చర్లపల్లికి మారింది. నాణెం మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం కనబడితే అది మన చర్లపల్లిలో పుట్టినదని అర్థం. చర్లపల్లిలో పుట్టిన ఆ పది రూపాయలు ముంబయి వెళ్తే వడాపావ్ బండి దగ్గర మారుమాట లేకుండా చెల్లుతాయి. ఉప్పల్లో ఇడ్లీ బండి దగ్గర చెల్లవు.

ఇక వాదనల్లోకి వెళ్దాం. అన్నిటికన్నా బలమైనది ‘అవతలివాడు’ వాదన. నిజాయతీగా వినిపిస్తుంది కాబట్టే దాన్ని జనం ప్రశ్నించరు. కొట్టు యజమాని తాను చెడ్డవాణ్ని కాననీ, బజారు తీరుకు బందీననీ అంటున్నాడు. కానీ ఆ అవతలివాడు ఎవరు? ఈ వీధిలో కిరాణా కొట్టువాడికి అవతలివాడు పాలవాడు. పాలవాడికి పెట్రోలు బంకు. బంకులో కుర్రాడికి టీ కొట్టు. టీ కొట్టువాడికి మళ్లీ మన కిరాణా కొట్టే. చుట్టూ తిరిగి అందరూ చూపుడు వేలు ఎత్తే ఆ అవతలివాడు వీళ్లలోనే ఉన్నాడు, వీళ్లు తప్ప వేరే ఎవడూ లేడు. బజారు తీరు అనేది ఆకాశం నుంచి ఊడిపడదు. ప్రతి పూటా ప్రతి కౌంటరూ దాన్ని కొత్తగా తయారుచేస్తోంది. డబ్బంటే నమ్మకమే, ఒప్పుకుంటాను. అయితే ఆ నమ్మకాన్ని చెడగొడుతున్నది ఎవరు? నాణెం తిరగ్గొట్టిన ప్రతివాడూ నమ్మకం లేనందుకు నష్టపోయిన బాధితుడిలా మాట్లాడతాడు. నిజానికి ఆ క్షణంలో నమ్మకం పోగొడుతున్నది వాడే. కొనడానికి వచ్చినామె నాణెం తిరిగి కొంగున కట్టుకుని పోయి, ఇంటి పక్కవాళ్లకు చెబుతుంది: అది నడవట్లేదమ్మా, ఎవరిచ్చినా తీసుకోకు. పుకారుకు అప్పటిదాకా లేని సాక్ష్యం ఒకటి దొరికింది.

బెంగళూరులో తీసుకుంటారు, దిల్లీలో తీసుకుంటారు, మన జిల్లాల్లో తీసుకోరు. నాణెంలో లోపం ఉంటే అన్నిచోట్లా ఉండాలి కదా.

‘‘నకిలీవి వస్తున్నాయండీ’’ అనేది రెండో మాట. నకిలీ నాణేలు అసలే లేవని నేననను. 2016లో దిల్లీ పోలీసులు అలాంటి అచ్చుల కార్ఖానాను పట్టుకున్నారు, పుకారుకు అదీ ఆజ్యం పోసింది. కానీ రిజర్వు బ్యాంకు లెక్కల్లో ఏటా పట్టుబడే దొంగనోట్లలో ఎక్కువ వంద రూపాయలవి, అయిదు వందలవి. వాటిని ఏ కొట్టూ వద్దనదు. వెలుతురుకు పట్టి చూసి, వేళ్లతో రుద్ది చూసి గల్లాలో వేసుకుంటారు. అయిదు వందలు పోయే ప్రమాదం ఉన్నచోట చూసి తీసుకునే మనిషి, పది రూపాయలు పోయే ప్రమాదం ఉన్నచోట చూడకుండానే తిరగ్గొడుతున్నాడంటే అది జాగ్రత్త కాదు. జాగ్రత్తపడేవాడు నాణేన్ని తిప్పి చూస్తాడు. వీళ్లు చూడరు, దూరం నుంచి పసుపు వలయం కనబడగానే చెయ్యి అడ్డంగా ఊపుతారు.

ఇన్ని నమూనాలుంటే మామూలు మనిషి ఎలా గుర్తుపట్టగలడని కొందరు జాలిపడతారు. ఈ జాలి మన తాతలకు అవమానం. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా నడిచేది, సరిహద్దు దాటితే ఇంగ్లిషువాళ్ల కల్దారు. ఆరు కల్దార్లకు ఏడు హాలీ రూపాయలు. ఆ మారకం రూపాయల్లోనే కాదు, అణాల్లోనూ పైసల్లోనూ వేయాలి. ఖమ్మం, నల్లగొండ వైపు నుంచి బెజవాడకు సరుకు తోలిన వర్తకులు కాగితం కలం లేకుండా ఈ లెక్క నోటితో వేసేవారు. హైదరాబాదు భారతదేశంలో కలిశాక కూడా కొన్నేళ్లు రెండు రకాల డబ్బూ పక్కపక్కనే నడిచింది. హాలీ చెల్లుబాటు పూర్తిగా పోయింది 1959లో. ఈలోగా 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చిపడింది. పదహారణాల రూపాయి వంద నయాపైసలైంది. అణాకు ఆరుంపావు నయాపైసలు; పావు నయాపైసా అనేది లేదు గనుక ఎటో ఒకవైపు సర్దుకోవాలి. పాత అణాలు, కొత్త పైసలు కలిపి లెక్కపెట్టి, బళ్లో నాలుగో తరగతి కూడా దాటని మనుషులు సంతలు నడిపారు. అంకె ఒకే చోట పెద్దగా ‘10’ అని రాసి ఉన్న బిళ్లను, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్న వాళ్ల మనవడు గుర్తుపట్టలేడంటే నేను నమ్మను. గుర్తుపట్టలేకపోవడం కాదది, పట్టించుకోకపోవడం.

అలాంటి కొట్టులోనే ఇంకో దృశ్యం చూడండి. తొంభై ఏడు రూపాయల బిల్లుకు వంద ఇస్తే మూడు రూపాయలు తిరిగిరావు. మూడు చాక్లెట్లు వస్తాయి. ప్రభుత్వం ముద్రించిన నాణెం చెల్లదన్న గల్లాపెట్టె సొంత కరెన్సీ ముద్రించుకుంటోందన్నమాట. మర్నాడు ఆ మూడు చాక్లెట్లూ తీసుకెళ్లి అగ్గిపెట్టె అడిగి చూడండి, ఏమంటాడో. నాణేలు వద్దన్న నోటితోనే చిల్లర లేదని మొత్తుకునే ఈ వింత మన బజార్లకే చెల్లింది. బస్సుల్లో చిల్లర లేక టికెట్ వెనక బాకీ రాసిచ్చే కండక్టర్లూ ఉన్నారు, పది రూపాయల నాణెం ఇస్తే వద్దనే కండక్టర్లూ ఉన్నారు. ఈ రెండు పనులూ ఒకే మనిషి ఒకే ట్రిప్పులో చెయ్యడం వింతేమీ కాదు.

ఇప్పుడు చట్టం. ‘నా కొట్టు, నా ఇష్టం’ అనేవాళ్ల వాదనలో కొంత పస ఉంది గనుక దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. 2011 నాటి నాణేల చట్టం ఆరో సెక్షను ప్రకారం రూపాయి, అంతకుమించిన నాణేలు వెయ్యి రూపాయల దాకా చెల్లింపుకు చట్టబద్ధం. అర్ధరూపాయి నాణేలు పది రూపాయల దాకా. అంటే ఎవడైనా కోపంతో నాణేల మూట తెచ్చి మోటార్‌సైకిలు కొంటానంటే షోరూమువాడు కాదనవచ్చు, ఆ మాత్రం రక్షణ చట్టమే ఇచ్చింది. బేరం కుదరకముందే ‘నేను ఫలానా విధంగానే తీసుకుంటాను’ అని షరతు పెట్టే వీలు వ్యాపారికి ఉందనీ వాదించవచ్చు. సరే, ఒప్పుకుందాం. కానీ మన జీవితంలో ఎన్ని బేరాలు అలా జరుగుతాయి? టీ తాగాక డబ్బులిస్తాం. భోజనం అయ్యాక బిల్లు వస్తుంది. బండిలో పెట్రోలు పోశాక జేబులో చెయ్యి పెడతాం. గడ్డం గీయించుకున్నాక లేస్తాం. ఆటో దిగాక కిరాయి ఇస్తాం. అక్కడ షరతుకు చోటు లేదు. అప్పటికే మనం బాకీపడ్డాం. చట్టబద్ధమైన చెల్లింపు అనే ఏర్పాటు ఉన్నదే బాకీ తీర్చడానికి. టీ నా కడుపులోకి పోయాక, నేను ఇచ్చిన పది రూపాయలు వద్దనే హక్కు ఎవరికీ లేదు. ‘నా ఇష్టం’ అనేవాడి ఇష్టం టీ పొయ్యకముందే అయిపోయింది. గోడ మీద కనబడేలా బోర్డు పెట్టి ముందే చెప్పినవాడి సంగతి వేరు. ఆ బోర్డు పెట్టే ధైర్యం మాత్రం ఏ కొట్టుకూ లేదు. పెడితే అడిగేవాళ్లు వస్తారని వాళ్లకూ తెలుసు.

ప్రభుత్వ కౌంటర్ల దగ్గరైతే ఈ స్వేచ్ఛ వాదన ఊసే ఎత్తకూడదు. కరెంటు బిల్లు, ఆస్తిపన్ను, బస్సు టికెట్, ఆసుపత్రి చీటీ. నాణెం ముద్రించి జారీచేసేది కేంద్ర ప్రభుత్వం. రిజర్వు బ్యాంకు పని దాన్ని పంపిణీ చేయడం వరకే. ప్రభుత్వం ఒక చేత్తో ముద్రించిన డబ్బును ప్రభుత్వ ఉద్యోగి ఇంకో చేత్తో తోసేస్తుంటే, కిరాణా కొట్టువాడికి నీతి చెప్పే మొహం మనకెక్కడిది?

వ్యాపారుల ఫిర్యాదుల్లో న్యాయమైనది ఒక్కటుంది: బ్యాంకు. సంచెడు నాణేలు పట్టుకుని వెళ్తే క్యాషియరు మొహం మాడ్చుకుంటాడు. లెక్కపెట్టే మనుషులు లేరంటాడు, సోమవారం రమ్మంటాడు, సోమవారం వెళ్తే పెట్టెలో చోటు లేదంటాడు. ఇది నిజమే, దీన్ని ఏ కొట్టువాడిని అడిగినా చెబుతాడు. అయితే నాణేలు వద్దనే హక్కు బ్యాంకుకు కొట్టువాడికున్నంత కూడా లేదు. నాణేలు తీసుకోవాల్సిందేనని రిజర్వు బ్యాంకు పదేపదే ఆదేశాలిచ్చింది. నూరేసి చొప్పున ప్లాస్టిక్ సంచుల్లో కట్టి తెస్తే ఇద్దరికీ సులువని, రూపాయి, రెండు రూపాయల బిళ్లలనైతే తూకం వేసి తీసుకోమని 2018లో దారి కూడా చూపింది. ఈ గొడవలో మొదటి ముద్దాయి బ్యాంకు క్యాషియరే. గల్లాలో నాణెం ఇరుక్కుపోతుందన్న భయం పుట్టింది అతని కిటికీ దగ్గరే. కానీ రెండో ముద్దాయిని అంతమాత్రాన వదిలేయలేం. మనం అతనికి సంచి ఇవ్వడంలేదు, ఒక్క నాణెం ఇస్తున్నాం. దాన్ని బ్యాంకు దాకా మోయాల్సిన పనే లేదు. తర్వాత వచ్చినామెకు చిల్లరగా ఇస్తే సాయంత్రానికి గల్లా ఖాళీ. వచ్చినది వచ్చినట్టు పోయేచోట నిల్వ పేరుకోదు. అందరూ వద్దన్నచోటే, వద్దనలేని నలుగురి దగ్గర అది గుట్టపడుతుంది.

ఆ నలుగురెవరో కూడా చెప్పుకోవాలి. ఫోన్లో చెల్లించేవారికి ఈ సమస్య లేదంటారే, అక్కడే ఉంది అసలు సంగతి. యూపీఐ వచ్చింది 2016లో. వచ్చాక జీతగాళ్ల జేబుల్లోంచి నాణెం మాయమైంది. మిగిలింది ఎవరి దగ్గర? కూలి డబ్బులు చేతికందుకునే ఆడవాళ్ల దగ్గర, పింఛను తప్ప వేరే రాబడి లేని ముసలివాళ్ల దగ్గర, పూలమ్మే వాళ్ల దగ్గర, గుడి మెట్ల మీద కూర్చునేవాళ్ల దగ్గర, బడిపిల్లల దగ్గర. హుండీలో వేస్తే వెంకన్నకు అభ్యంతరం లేదు, పరకామణిలో లెక్కపెట్టేస్తారు. కొండ దిగాక కొట్లోనే అభ్యంతరం. పది రూపాయలు లెక్కలోకి రాని మనిషికి నాణెం తిరస్కరణ ఒక చిరాకు మాత్రమే, వేరే నోటు తీసిస్తాడు. చేతిలో ఉన్నవన్నీ అవే అయినామెకు ఆ పూట ఉప్పు పప్పు ఆగిపోతాయి. చూపులేనివారి సంగతి మరీ అన్యాయం. 2019 మార్చిలో రూపాయి నుంచి ఇరవై దాకా కొత్త నాణేల వరుస తెచ్చింది వాళ్ల కోసమే: విలువ పెరిగే కొద్దీ పరిమాణం, బరువు పెరుగుతాయి, ఇరవై రూపాయల బిళ్లకు పన్నెండు అంచులు పెట్టారు, వేలితో తడిమితే చాలు తెలిసిపోతుంది. కళ్లు లేనివాళ్లు గుర్తుపట్టేలా చేసిన నాణేన్ని కళ్లున్న మనం గుర్తుపట్టలేమంటున్నాం. ఆ ఇరవై రూపాయల బిళ్ల పది రూపాయల బిళ్లకు తిరగేసిన రంగుల్లో, బయట తెలుపు, లోపల పసుపుతో ఉంటుంది. చాలా కొట్లలో అది చూసి ‘ఇదేం విదేశీదా’ అని నవ్వుతారు.

ఈ భయం ఊరికే పుట్టలేదని ఒకరు అనవచ్చు, అంటే కాదనను. 2016 నవంబరు 8 రాత్రి చలామణీలో ఉన్న డబ్బులో విలువ ప్రకారం 86 శాతం దాకా ఒక్క ప్రసంగంతో చెల్లకుండా పోయింది. 2023 మే 19న రెండు వేల నోటు వెనక్కి తీసుకుంటున్నామన్నారు. చెల్లుబాటు పోలేదని అదే ప్రకటనలో రాశారు, కానీ బజారు ఆ వాక్యం దాకా చదవలేదు, ఆ వారం నుంచే కొట్లు వద్దనడం మొదలైంది. అదే ఏడాది జులైలో నంబరు మధ్యలో నక్షత్రం గుర్తు ఉన్న అయిదు వందల నోటు దొంగదని పుకారు లేస్తే, అది పాడైన నోటు స్థానంలో ముద్రించినదని, నిక్షేపంగా చెల్లుతుందని రిజర్వు బ్యాంకు మళ్లీ చెప్పుకోవాల్సి వచ్చింది. ప్రభుత్వాలు నమ్మకాన్ని ఇంత నిర్లక్ష్యంగా వాడినప్పుడు జనం బెదరడం సహజం. కానీ ఆ అనుభవం నేర్పాల్సింది వేరు. డబ్బు చెల్లకుండా పోవాలంటే నోటిఫికేషను కావాలి, తేదీ కావాలి, మార్చుకునే గడువు కావాలి. పావలా, అంతకన్నా చిన్న నాణేలకు 2011 జూన్ 30తో చెల్లుబాటు పోయింది, అది గెజిటు సాక్షిగా జరిగింది. అర్ధరూపాయికి అలాంటిదేమీ జరగలేదు, పది రూపాయలకూ జరగలేదు. పైగా నోట్లరద్దు రోజుల్లో నిలబడి చెల్లింది ఈ చిల్లరే; నోట్లు సరిపోక కొన్ని బ్యాంకులు పది రూపాయల నాణేల సంచులే చేతికిచ్చి పంపాయి.

నాణెం వద్దంటే రాజద్రోహం కేసు పెడతారని ఇంకో పుకారు తిరుగుతోంది. అది కూడా ఆ గీతల లెక్క లాంటిదే, నమ్మకండి. కిరాణా కొట్టువాడు రాజద్రోహి కాడు, అతన్ని స్టేషనుకు లాగమని నేనడగడం లేదు. అడిగేది వేరు. రెండు తెలుగు రాష్ట్రాల ఆర్టీసీలు, విద్యుత్ సంస్థలు, మున్సిపాలిటీలు తమ ప్రతి కౌంటరు మీద ‘అన్ని నమూనాల పది, ఇరవై రూపాయల నాణేలూ తీసుకుంటాం, ఇస్తాం’ అని రాసి పెట్టాలి, అలాగే నడుచుకోవాలి. కలెక్టర్లు బ్యాంకర్ల సమావేశంలో రుణాల లెక్కలతోపాటు ఏ బ్రాంచి నాణేలు వెనక్కి పంపిందో కూడా అడగాలి. ఇక మీరు. చిల్లరగా ఆ బిళ్ల ఇస్తే మొహం తిప్పుకోకుండా తీసుకోండి. టీ తాగాక ఆ బిళ్లే ఇవ్వండి. వద్దంటే జేబులోకి మళ్లీ తోసుకుని వేరే నోటు తీయకండి. వద్దనడానికి కారణమేమిటో నిలబడి అడగండి, బాకీ తీర్చేశానని చెప్పండి.